ఆ ఒక్క రాత్రి కాగితం: ప్రాజెక్టు డైరీ

2025 జనవరి 11, శనివారం

రెండు రోజుల మంచుకు డాలస్ చుట్టుపక్కల బడులు మూతపడ్డాయి. బయటికి కదిలే వీలు లేక, అక్కావాళ్ళింట్లో ఎన్నాళ్ళుగానో వాయిదా పడుతున్న పని బల్ల మీదికి వచ్చింది. బావ అమెరికా పౌరసత్వ దరఖాస్తు. ఎన్-400 అంటారు ఆ ఫారాన్ని. పేర్లు, చిరునామాలు, ఐదేళ్ళ ప్రయాణాలు చకచకా నిండాయి. అరెస్టుల ప్రశ్న దగ్గర అందరం ఆగాం. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా అని అడుగుతుందా ప్రశ్న. ‘ఎప్పుడైనా’ అన్న మాట ముద్దక్షరాల్లో ఉంది.

“టికెట్టు గొడవే కదా, అది కూడా రాయాలా?” అన్నారు బావ.

“చేతికి బేడీలు వేశారని పండగకు వచ్చిన ప్రతివాళ్ళకూ మీరే చెబుతారు కదా” అంది అక్క.

ఆ కథ మా అందరికీ కంఠతా వచ్చు. 2009 అక్టోబరు. బావ రిచర్డ్‌సన్‌లోని యూటీ డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నారు. అంతకు కొన్ని నెలల ముందు స్పీడు టికెట్టు ఒకటి పడింది. “పది మైళ్ళు ఎక్కువ, అంతే” అంటారు. పరీక్షల హడావిడిలో కోర్టు తేదీ మరిచిపోయారు. వారంటు పుట్టింది. ఒక రాత్రి కారు వెనక లైటు వెలగడం లేదని ఆపిన పోలీసు, కంప్యూటర్లో ఆ వారంటు చూసి బేడీలు వేసి తీసుకువెళ్ళాడు. “రెండు రోజులు జైల్లో ఉన్నాను” అన్నది కథలో పతాక సన్నివేశం. రూమ్మేటు డబ్బు కట్టి విడిపించాడు.

గ్రీన్ కార్డు అప్పుడు ఈ ప్రశ్న రాలేదా అని అడిగాను. వచ్చిందట. అవుననే రాశారట. అప్పటి లాయరు ఏవో కోర్టు కాగితాలు తెప్పించి జతచేశాడు, బావ సంతకం పెట్టారు. ఆ లాయరు వృత్తి మానేశాడు, ఫోను పలకడం లేదు. మన ప్రతి ఉన్న అట్టపెట్టె ఇల్లు మారినప్పుడు గరాజ్‌లో తడిసి ముద్దయింది. అప్పుడు చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ పొంతన లేకపోతే ఇంటర్వ్యూలో లేనిపోని ప్రశ్నలు వస్తాయి. కాబట్టి ముందు కాగితం దొరకాలి, తరువాతే ఫారం.

ఇమ్మిగ్రేషన్ శాఖ దగ్గర ఉన్న తన ఫైలు నకలు తనకే ఇమ్మని సమాచార చట్టం కింద అడిగే వీలుంది. అది ఈ రాత్రే ఆన్‌లైన్‌లో పెట్టించాను. అది వచ్చినప్పుడు వస్తుంది. ఈలోగా అసలు పుట్టుచోటు వెతకాలి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. అలవాటు చొప్పున ఒక పట్టిక తెరిచాను. ఏ రోజు, ఎక్కడ, ఏ పేరుతో, ఏ స్పెల్లింగుతో వెతికాను, ఏమి వచ్చింది. ‘ఏమీ రాలేదు’ అన్నది కూడా రాస్తాను. రాయకపోతే తవ్విన గొయ్యినే మళ్ళీ తవ్వుతాం.

జనవరి 14, మంగళవారం, సంక్రాంతి

అరిసెలు వేయించడం అక్క పని, రికార్డులు వెతకడం నా పని.

మేముండే ప్లేనో కాలిన్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే అనుకోవచ్చు, కానీ టెక్సస్‌లో అవి 254 ఉన్నాయి. ప్రతి కౌంటీకి సొంత షెరీఫు, సొంత జైలు, సొంత కోర్టు క్లర్కులు. అన్ని కౌంటీల అరెస్టులనూ ఒక్కచోట పెట్టి జనానికి చూపించే పెట్టె ఏదీ లేదు. కాలిన్ కౌంటీ కోర్టు రికార్డులను మాత్రం పేరు కొట్టి ఉచితంగా ఇంట్లో కూర్చుని వెతకవచ్చు. వెతికేవాడు ఎవరు, ఎందుకు అని ఎవరూ అడగరు. ఇక్కడ కోర్టు కాగితం పుట్టుకతోనే బహిరంగం. మూసి ఉంచాలంటేనే కారణం కావాలి.

పేరు కొట్టడంలోనే ఉంది అసలు తిప్పలు. తెలుగువాడి పేరు అమెరికా కంప్యూటరులో ఎన్ని రకాలుగా ముక్కలవుతుందో ఈ రోజు లెక్కపెట్టాను. బావ పేరులో ఇంటిపేరు కాక మూడు భాగాలున్నాయి. పాస్‌పోర్టులో ఒక తీరు, యూనివర్సిటీలో ఒక తీరు, అప్పటి డ్రైవింగ్ లైసెన్సులో ఇంకో తీరు. మధ్య పేర్లు ఒకచోట కలిసిపోయాయి, ఒకచోట విడిపోయాయి, ఒకచోట మొదటి అక్షరంగా మిగిలాయి. ఇక స్పెల్లింగు. శ్రీకి చివర ఐ ఉండాలా, రెండు ఈలు ఉండాలా? మధ్యలో హెచ్ ఉండాలా? సత్యలో త కు హెచ్ పెట్టేది మనం, తీసేసేది వాళ్ళు. లక్ష్మిలో కేఎస్‌హెచ్ రాసేవాళ్ళున్నారు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవాళ్ళున్నారు. బావ రూమ్మేటు పరిస్థితి ఇంకా విచిత్రం. అతని పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే ఉంది, ఇచ్చిన పేరు గడి ఖాళీ. వీసాలో ఆ ఖాళీని ‘ఎఫ్ఎన్‌యూ’ అని పూరించారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. లైసెన్సు, బ్యాంకు, కరెంటు బిల్లు, అన్నిటిలో ఆయన పేరు ఎఫ్ఎన్‌యూ గారే. అలాంటి మనిషి రికార్డు వెతకాలంటే ‘తెలియదు’ అన్న పేరుతో వెతకాలి.

ఇరవై మూడు రకాలుగా కొట్టాను. బావ దొరకలేదు. దొరికినవాళ్ళు వేరే ఉన్నారు. దాదాపు అదే పేరు, పుట్టిన సంవత్సరం వేరు. ఒకరిది తాగి బండి నడిపిన కేసు, ఒకరిది ఇంట్లో గొడవ. రెండో కేసు చివర కొట్టివేత అని ఉంది. ముక్కూ ముఖం తెలియని మనిషి చెడ్డ రాత్రిని అలా కళ్ళప్పగించి చదువుతున్నానని స్పృహ వచ్చి పేజీ మూసేశాను. పట్టికలో ‘ఇతరులు, సంబంధం లేదు’ అని మాత్రం రాసి పేర్లు రాయలేదు.

మన వాట్సాప్ గుంపుల్లో జైలు ఫొటోలు తిరుగుతుంటాయి. మనవాడేనట, ఎంత సిగ్గుచేటు అంటూ. అరెస్టయిన రోజు ఫొటో ఖండాలు దాటుతుంది. ఆరు నెలల తరువాత కేసు కొట్టేసిన కాగితం పక్క వీధికి కూడా చేరదు. ఇలాంటి ఫొటోలు వెబ్‌సైట్లలో పెట్టి, తీయడానికి డబ్బు గుంజే వ్యాపారం పెరిగిపోయి, 2013లో టెక్సస్ చట్టమే చేసింది, తీయడానికి రుసుము అడగరాదని. గుంపుల్లో పంచేవాళ్ళకు అలాంటి చట్టమేదీ లేదు.

జనవరి 18, శనివారం

పటం ముందేసుకుని కూర్చున్నాను. మొదటే చేయవలసిన పని ఇది.

రిచర్డ్‌సన్ కొంత డాలస్ కౌంటీలో, కొంత కాలిన్ కౌంటీలో ఉంది. కౌంటీల గీత యూటీ డాలస్ ఆవరణ మీదుగానే పోతుంది. ఫ్రిస్కోదీ ఇదే కథ, కొంత కాలిన్, కొంత డెంటన్. డాలస్ నగరమైతే ఐదు కౌంటీల్లోకి కాళ్ళు చాపింది. చిరునామాలో ఊరి పేరు చూసి కౌంటీ తెలుసుకున్నాననుకోవడం పొరపాటు. బావను ఏ వీధిలో ఆపారు? “పెట్రోలు బంకు పక్కన” అంటారు. రిచర్డ్‌సన్‌లో పెట్రోలు బంకులు లెక్కపెట్టే ఓపిక లేదు. రెండు కౌంటీలూ వెతకడమే.

డాలస్ కౌంటీ వెతికాను. లేదు. డెంటన్ కూడా చూశాను, తిక్క కొద్దీ. లేదు.

ఇక్కడ నా బుద్ధి కాస్త గడ్డి తింది. దేశంలోని రికార్డులన్నీ మా దగ్గరే ఉన్నాయని చెప్పుకునే ఒక వెబ్‌సైటులో ఒక డాలరు పరీక్షా చందా కట్టాను. పదిహేను నిమిషాలు చక్రం తిరిగింది. ‘సంచలనాత్మక వివరాలు దొరికాయి, సిద్ధపడండి’ అని భయపెట్టింది. తీరా చూస్తే బావ పాత చిరునామాలు, అక్క పేరు, జార్జియాలో ఉన్న ఎవరో ఒకాయన ట్రాఫిక్ కేసు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, అది కూడా పరాయి ఎలుక. చందా రద్దు చేయడానికి ఇంకో అరగంట. ఇలాంటివి పాత రికార్డులను గంపగుత్తగా కొనుక్కుని పేర్లు జతచేసి అమ్ముతాయి. తరువాత కోర్టు కేసు కొట్టేసినా, రికార్డు తుడిచేసినా, వాళ్ళ గంపలో పాతదే ఉండిపోవచ్చు. అన్నిటికీ మించి, ఇమ్మిగ్రేషన్ అధికారి ముందు ఆ అచ్చు కాగితానికి విలువ లేదు. వాళ్ళకు కావలసింది కోర్టు ముద్ర పడిన సర్టిఫైడ్ కాపీ.

జనవరి 20, సోమవారం

సెలవు పెట్టుకుని 75వ హైవే మీద మెకినీ వెళ్ళాను. కాలిన్ కౌంటీ కేంద్రం అదే. పార్కింగ్ స్థలం అంత విశాలంగా, అంత ఖాళీగా ఎందుకుందో తలుపు లాగేదాకా తట్టలేదు. మార్టిన్ లూథర్ కింగ్ జయంతి సెలవు. నా సెలవు నేనే సెలవుకు సమర్పించుకున్నాను. ఇంటికొచ్చి ‘క్యాలెండరు చూడాలి’ అని పట్టికలో ఒక గడి పెంచాను. అక్కకు చెప్పలేదు.

జనవరి 22, బుధవారం

మళ్ళీ మెకినీ. ఈసారి తలుపు తెరుచుకుంది.

వరసలో నిలబడి ఒక కిటికీ దగ్గరికి చేరాను. ఆమె డిస్ట్రిక్ట్ క్లర్కు కార్యాలయం మనిషి. అక్కడ ఉండేవి ఫెలనీలు, అంటే పెద్ద నేరాలు, ఇంకా విడాకుల లాంటి కేసులు. చిన్న నేరాలు కావాలంటే కౌంటీ క్లర్కు దగ్గరికి వెళ్ళాలి. ఇద్దరూ ఒకే కౌంటీలో క్లర్కులే కదా అనిపిస్తుంది మనకు. ఇద్దరూ వేరు వేరుగా ఎన్నికైనవాళ్ళు, వేరు వేరు బీరువాలు. పైగా అన్ని కౌంటీల్లో పంపకం ఒకేలా ఉండదు. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో ఈ చిన్న నేరాల కాగితాలు కూడా డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గరే ఉంటాయి. ఒక కౌంటీలో నేర్చుకున్న దారి పక్క కౌంటీలో గోడకు కొట్టుకుంటుంది.

రెండో కిటికీలో ఉన్న పెద్దావిడ నేను ఇచ్చిన పేర్లన్నీ కొట్టి చూసింది. లేదంది. నేను మొహం వేలాడేసుకుంటే జాలిపడి ఒక ప్రశ్న అడిగింది. “అది ఏ క్లాసు నేరం?”

నేను ఇన్నాళ్ళూ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని వెతుకుతున్నాను. ఏ క్లాసు అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

జనవరి 24, శుక్రవారం

పట్టికను పక్కన పెట్టి కోర్టుల మెట్లు గీశాను. టెక్సస్‌లో ఫెలనీలు డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్తాయి. ఏడాది వరకు జైలు పడగల క్లాస్ ఎ, 180 రోజుల వరకు పడగల క్లాస్ బి నేరాలు కౌంటీ కోర్టులకు వెళ్తాయి. మొదటిసారి తాగి నడిపితే మామూలుగా క్లాస్ బి, రక్తంలో మద్యం 0.15 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే క్లాస్ ఎ. మిగిలిన క్లాస్ సి అంటే జరిమానా తప్ప జైలు శిక్ష లేనిది, మామూలుగా 500 డాలర్ల లోపు. స్పీడు టికెట్టు ఈ మెట్టు మీదే ఉంటుంది. హాజరు కాకపోవడం కూడా, అసలు నేరం జరిమానాతో పోయేదైతే, క్లాస్ సి కిందికే వస్తుంది. ఈ కేసులు కౌంటీ కోర్టు మెట్టే ఎక్కవు. ఊరి మునిసిపల్ కోర్టులో గానీ, జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే చిన్న కోర్టులో గానీ పుట్టి అక్కడే ముగుస్తాయి.

బావ కేసు కౌంటీ రికార్డుల్లో దొరకకపోవడంలో వింతేమీ లేదు. అది అక్కడికి ఎన్నడూ రాలేదు. రెండు వారాలు లేని ఇంట్లో మనిషిని పిలుస్తూ కూర్చున్నాను.

రాష్ట్ర పోలీసు శాఖ నేరచరిత్ర వెబ్‌సైటు గురించి కూడా ఈ రోజే స్పష్టత వచ్చింది. జనానికి చూపించేది శిక్షలు, షరతులతో వాయిదా వేసిన తీర్పులు మాత్రమే. క్లాస్ సి నేరాలు మామూలుగా అందులోకి చేరవు. అక్కడ ఖాళీ వచ్చిందని సంబరపడితే అదో మోసం. ఎఫ్‌బీఐకి వేలిముద్రలు పంపి 18 డాలర్లు కడితే ఎవరి చరిత్ర వాళ్ళు తెప్పించుకోవచ్చు. బావ చేత అది కూడా పంపించాను, ముందు జాగ్రత్తకు మంచిదని.

జరిమానా నేరానికి బేడీలా అని అక్క ఆశ్చర్యపోయింది. ఈ ప్రశ్నను అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది, అది కూడా టెక్సస్ కేసులోనే. లాగో విస్టా అనే ఊరిలో సీటు బెల్టు పెట్టుకోలేదని ఒక తల్లిని పిల్లల ముందే అరెస్టు చేశారు. నేరానికి గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. 2001లో ఐదుగురు జడ్జీలు అరెస్టు చెల్లుతుందని, నలుగురు చెల్లదని అన్నారు. చెల్లింది.

టికెట్టే కాబట్టి కాగితం అక్కరలేదేమో అని బావ ఇంకా ఆశపడుతున్నారు. పౌరసత్వ దరఖాస్తు సూచనల్లో ఆ మినహాయింపు ఉంది కానీ, అసలు అరెస్టే జరగని, 500 డాలర్లలోపు జరిమానాతో పోయిన ట్రాఫిక్ సంగతులకు మాత్రమే. బేడీల కథ చెప్పుకున్నాక ఆ తలుపు మూసుకుపోయింది.

జనవరి 26, ఆదివారం

చేయి తిరగడానికి అందరికీ తెలిసిన కేసు ఒకటి మొదటి నుంచి చివరి దాకా అనుసరించి చూశాను. టెక్సస్ అటార్నీ జనరల్ కెన్ పాక్స్టన్ మీద సెక్యూరిటీల మోసం అభియోగాలు. 2015లో కాలిన్ కౌంటీ గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నడపడానికి తగిన ఆధారం ఉందా అని చూసే పౌరుల బృందం, అభియోగపత్రం ఇచ్చింది. ఆయన నేరం ఒప్పుకోలేదు. ఆయన మీద పెట్టిన కేసుల్లో ఒకదాని సంఖ్య 416-81913-2015. మొదటి ముక్క 416వ డిస్ట్రిక్ట్ కోర్టు, చివరిది సంవత్సరం. ఇలా సంఖ్యను విడగొట్టి చదవడం వస్తే సగం పని అయినట్టే. కానీ 2017లో ఆ కేసు హ్యూస్టన్‌కు బదిలీ అయింది. కాలిన్‌లో మాత్రమే వెతికినవాడికి ముగింపు కనిపించదు. 2024 మార్చిలో కుదిరిన ఒప్పందంలో శిక్ష లేదు, 100 గంటల సమాజ సేవ, నష్టపరిహారం, ఆ షరతులు నెరవేరితే అభియోగాల ఉపసంహరణ. అరెస్టు, అభియోగం, తీర్పు అనేవి మూడు వేరు వేరు కాగితాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

తమాషా ఏమిటంటే, టెక్సస్‌లో ఏ కార్యాలయమైనా సమాచారం దాచదలచుకుంటే అనుమతి అడగవలసింది ఇదే అటార్నీ జనరల్ కార్యాలయాన్ని.

జనవరి 29, బుధవారం

ఇప్పుడు దారి తెలిసింది. అరెస్టు కాగితం పోలీసుల దగ్గర, కేసు కాగితం మునిసిపల్ కోర్టు దగ్గర. రెండింటికీ అడిగే పద్ధతి వేరు. పోలీసులకు టెక్సస్ ప్రజా సమాచార చట్టం వర్తిస్తుంది. కోర్టులకు ఆ చట్టం వర్తించదు, వాటి కాగితాలు వేరే నియమాల కింద తెరిచి ఉంటాయి. నాకు తెలిసిన ఒకాయన కోర్టుకు సమాచార చట్టం కింద లేఖ రాసి నెల రోజులు ఎదురుచూశారు. తప్పు తలుపు.

పోలీసు రికార్డుల విభాగానికి బావ పేరుతో ఒక పేజీ రాశాం. ఏ పేర్లతో నమోదై ఉండవచ్చో నాలుగు రకాలు, పుట్టిన తేదీ, 2009 అక్టోబరు, వారంటు మీద అరెస్టు. పుట్టిన తేదీలో నెల ముందు రాయాలని బావకు మూడుసార్లు గుర్తు చేశాను. మనం తేదీ ముందు రాస్తాం, పన్నెండు లోపు తేదీలైతే వాళ్ళు తారుమారు చేసుకుంటారు, తప్పని ఎవరికీ తెలియదు కూడా. అరెస్టయిన వ్యక్తి, అరెస్టు, నేరం గురించిన ప్రాథమిక వివరాలను పోలీసులు దాచడానికి వీల్లేదని చట్టంలోనే ఉంది, దర్యాప్తు వివరాలు దాచవచ్చు గానీ. ఇవ్వం అనదలచుకుంటే పది పనిదినాల్లో అటార్నీ జనరల్‌ను అడగాలి. మన సమాచార హక్కు చట్టంలో ముప్పై రోజుల గడువు గుర్తొచ్చింది.

మన దగ్గర అయితే ఇంత తిరగక్కరలేదని బావ వాదన. ఈ-కోర్ట్స్‌లో పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ సంఖ్య కొడితే విజయవాడ కేసైనా, వరంగల్ కేసైనా వాయిదాలతో సహా వస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లను వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఒప్పుకున్నాను. దేశమంతటికీ ఒకే కిటికీ విషయంలో మనమే నయం. కానీ 2009 నాటి మేజిస్ట్రేటు కోర్టు చలానా కాగితం ఈ-కోర్ట్స్‌లో చూపించండి, అన్నాను. అరిసె కొరుకుతూ ఊరుకున్నారు.

ఫిబ్రవరి 1, శనివారం

వార్త తెనాలి చేరింది. పిన్ని ఫోను. “అమ్మాయీ, నువ్వు అమెరికాలో ఎవరు జైలుకు వెళ్ళారో కనిపెడుతున్నావటగా?” చెల్లికి సంబంధం వచ్చిందట, అబ్బాయి టెక్సస్‌లోనే. చూడమంటుంది.

కాదనలేక ఏమేమి తెలుసునని అడిగాను. పేరు, ఉద్యోగం, ‘డాలస్ దగ్గర’. పుట్టిన తేదీ జాతకంలో ఉంది, స్కూలు సర్టిఫికెట్టులో వేరే ఉంది. ఆ పేరుతో మనవాళ్ళు ఈ చుట్టుపక్కలే పదిమంది ఉంటారు. పది మందిలో ఎవరి కేసో ఈ అబ్బాయి నెత్తిన పెడితే? లేదా ఈ అబ్బాయిది వేరే రాష్ట్రంలో ఉంటే? పోలీసులు వాడుకునే దేశవ్యాప్త వ్యవస్థ మనకు తెరవరు. తుడిచివేత ఉత్తర్వు వచ్చిన కేసు ఎవరికీ కనిపించదు, కనిపించకూడదు కూడా. అందుకే ఆ చట్టం ఉంది.

అయితే పిన్నికి నిజంగా పనికొచ్చేది ఒకటుంది. ఇక్కడ పెళ్ళి లైసెన్సులు కౌంటీ క్లర్కు దగ్గర, విడాకుల కేసులు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర బహిరంగ రికార్డులు. ముందే పెళ్ళయిన విషయం దాచిన సంబంధాలు మన ఊళ్ళలో ఎన్ని చూడలేదు. ఆ రెండూ నాలుగు కౌంటీల్లో చూశాను. “ఈ నాలుగు కౌంటీల్లో, ఈ స్పెల్లింగుతో, నాకు ఏమీ కనిపించలేదు” అని చెప్పాను.

“అంటే మంచివాడేగా?” అంది.

“పిన్నీ, అది ఈ కంప్యూటరు చెప్పదు. చెల్లినే అతనితో మాట్లాడి అడగమను.”

“సరేలే, నీకు చేతకాలేదని చెబుతాను మీ బాబాయికి” అని పెట్టేసింది.

ఫిబ్రవరి 6, గురువారం

పోలీసుల జవాబు వచ్చింది! గడువుకు ముందే. ఒకే ఒక్క పేజీ.

బావ ఇంటిపేరు మొదటి పేరు గడిలో, మధ్య పేరు ఇంటిపేరు గడిలో ఉన్నాయి. నా ఇరవై మూడు రకాల్లో ఈ వరస లేదు. ఇరవై నాలుగోదిగా రాసుకున్నాను. కింద రెండు వారంట్లు, రెండు మునిసిపల్ కోర్టు కేసు సంఖ్యలు. ఒకటి స్పీడు, రెండోది హాజరు కాకపోవడం. ఒక్క టికెట్టు అనుకున్నది రెండు కేసులు. ఒక్కదానికే కాగితం పట్టుకెళ్ళి ఉంటే రెండోది ఇంటర్వ్యూలో అధికారే చెప్పేవాడు.

ఇంకో వివరం అక్క కంటపడింది. లోపలికి తెచ్చిన సమయం రాత్రి 11:50. వదిలిన సమయం ఉదయం 6:20.

“రెండు రోజులా?” అంది.

“తేదీలు రెండున్నాయి కదా” అన్నారు బావ.

ఫిబ్రవరి 10, సోమవారం

మునిసిపల్ కోర్టు. క్యాలెండరు చూసే వెళ్ళాను. కేసు సంఖ్యలు చేతిలో ఉంటే ఎంత హాయి. స్పెల్లింగు ఊసే లేదు. అసలు ఫైలు నిర్ణీత కాలం దాటాక తీసేశారట, చిన్న కేసులకు చట్టం అలా అనుమతిస్తుంది. కంప్యూటరు డాకెట్టు, అంటే కేసులో జరిగినవాటి నమోదు పట్టిక, మాత్రం మిగిలింది. నాకు అదే చాలు. ఐదు నిమిషాల్లో అచ్చు తీసి ఇచ్చారు. విజయగర్వంతో ఇల్లు చేరాక చూస్తే ముద్ర లేదు. కాపీ కావాలన్నాను, సర్టిఫైడ్ అన్న మాట నేను అడగనే లేదు. ఒక నెల రోజులుగా అందరికీ చెబుతున్న మాట అది.

ఫిబ్రవరి 13, గురువారం

ముద్రతో, సంతకంతో, రెండు కేసులకు రెండేసి ప్రతులు. ఒకటి దరఖాస్తుకు, ఒకటి ఇంటర్వ్యూకు. కాలిన్, డాలస్ కౌంటీ క్లర్కుల నుంచి రికార్డు ఏదీ దొరకలేదన్న లేఖలు కూడా అడిగి పెట్టాను, ఉంటే నష్టం లేదు. కొత్త లాయరుకు చూపించాకే పంపాలని అక్క షరతు, నాకూ అదే మంచిదనిపించింది. పట్టికలో మొత్తం అరవై ఒక్క వరసలు, అందులో పనికొచ్చినవి నాలుగు.

రాత్రి భోజనాలయ్యాక బావ ఆ కాగితాన్ని తీరిగ్గా చదివారు. హాజరు కాని కేసు కొట్టివేత. స్పీడు కేసులో తప్పు కాదనకుండా జరిమానా చెల్లింపు, కేసు ముగింపు. నేరం వివరం దగ్గర కళ్ళజోడు సవరించుకున్నారు. అక్క వెనక నుంచి తొంగి చూసింది. 35 మైళ్ళ రోడ్డు మీద 59.

పదిహేనేళ్ళుగా మేము వింటున్నది పది మైళ్ళు.

“ఆ రోజుల్లో రాడారు యంత్రాలు అంత కచ్చితంగా ఉండేవి కావు” అన్నారు బావ.

అక్క నా వైపు తిరిగింది. “ఇంకో ప్రతి తెచ్చిపెట్టు. ముద్ర ఉన్నదే. వచ్చే సంక్రాంతికి కావాలి.”